ముప్పై అయిదు రాసుకో

ఎనభైల చివర్లో ఒక పొద్దున స్టేషన్ ఘన్‌పూర్‌లో వరంగల్ రైలు కోసం కూర్చున్నాను. ఒళ్లో మా ఊరి యువజన సంఘం ఫారం. ఇరవై మంది సభ్యులుంటే ఢిల్లీలోని యువజన, క్రీడల శాఖ వాళ్లు వాలీబాల్, నెట్టు ఇస్తారట. మేము పంతొమ్మిది మందిమే. వరంగల్‌లో ఫారం ఇవ్వడానికి ఆ రోజే ఆఖరు.

పక్కన కూరగాయల గంపతో కూర్చున్న ముసలమ్మ "ఏం కాగితం బిడ్డా?" అంది. చెప్పాను.

"ఆడుకొమ్మని సర్కారే చెప్తాందా!" అని పడీపడీ నవ్వింది. "ఇగ ఫికరెందుకు? నా పేరు రాసుకో."

"పదిహేను నుంచి ముప్పై అయిదేండ్ల లోపే ఉండాలె అవ్వా."

"అయితే ముప్పై అయిదు రాసుకో. నేను పుట్టిన్నాడు ఢిల్లోళ్లు వచ్చి సూసిన్రా?"

నాకూ నవ్వాగలేదు. "మా సంఘంల ఆడోళ్లు లేరవ్వా" అన్నాను.

"వద్దని రాసున్నదా అండ్ల?"

ఫారం మళ్లీ చదివాను. ఎక్కడా లేదు. ఇంటర్ చదివే మా చెల్లె పేరు ఇరవయ్యో గీత మీద రాశాను. ఇంతలో రైలొచ్చింది. "బాలొచ్చినంక నన్ను పిలువు" అంటూ అవ్వ గంపతో వేరే పెట్టెలోకి ఎక్కేసింది.

బాలొచ్చింది. మొదటి సర్వీసు మా చెల్లెదే. అది నెట్టు దాటి, గ్రౌండు దాటి మిర్చి చేన్లో పడింది. వెతకడానికి పంతొమ్మిది మందిమీ చేన్లోకి దిగాం.

నాకిప్పుడు అరవై దాటాయి. సాయంత్రం గ్రౌండుకు పోతే పిల్లలు "నువ్వు గూడ ఆడుతవా తాతా? నీకెన్నేండ్లు?" అని అడుగుతారు.

"ముప్పై అయిదు రాసుకో" అంటాను.