నరాల వార్డు కోసం బెజవాడ ప్రయాణం

మా ఊరి ధర్మాసుపత్రికి సర్కారు గ్రాంటు అడగడానికి బెజవాడ వెళ్ళొచ్చాం. ఇదే పని మీద వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే ముందే చెబుతున్నాను: కడుపునిండా తిని బయల్దేరండి, కింద పరుచుకోవడానికి దుప్పటి పట్టుకెళ్ళండి. ఓపిక మాత్రం అక్కడ అరువు దొరకదు.

నేను బడిపంతుల్ని, ఆసుపత్రి కమిటీ కార్యదర్శిని. ఆరు మంచాల వార్డు కావాలని దరఖాస్తు పెట్టాం. తోడుగా మా సుందరమ్మ వదిన వస్తానంది. మా అన్నయ్య దేవదానం కాలవ లస్కరు, లాకుల దగ్గర షట్టర్లు ఎత్తి దించే సర్కారు ఉద్యోగం. కొన్నేళ్ళుగా సారాకి బానిసయ్యాడు. తాగని రోజున గోడతో మాట్లాడతాడు. మా ఇంట్లో దీన్ని నరాల బలహీనత అంటాం, మా వైపు అందరూ అంతే. అందుకే దరఖాస్తులో కూడా మర్యాదగా "నరాల జబ్బుల వార్డు" అని రాశాను. అది మంజూరైతే అన్నయ్యకు మంచం దొరుకుతుంది. కాకపోతే విశాఖపట్నం పెద్దాసుపత్రే గతి. అంత దూరం ఆయన్ని రైల్లో పట్టుకుని కూర్చోగలవాళ్ళు మా ఇంట్లో లేరు.

తెల్లవారి మొదటి బస్సెక్కాం. పామర్రులో ఒక రైతు నా పక్కన కూలబడ్డాడు.

"ఎందాకా మేస్టారూ?"

"బెజవాడండి. నరాల వార్డు పని."

"మంచి పనండి. మా బావమరిదికీ నరాలేనండి. పొద్దుగూకితే చాలు, సారా కొట్టు వైపు లాగేస్తాయి."

వదిన ఫక్కున నవ్వింది. ఆమె నవ్వు విని చాలా కాలమైంది.

ఉయ్యూరులో టైరు పంచరైంది. చెరుకు బళ్ళ మధ్య ఎండలో నిలబడ్డాం. పటమటలో దిగి రిక్షా మాట్లాడుకుని, గ్రాంట్లు చూసే ఆఫీసరు దిగే గెస్టు హౌసు చేరేసరికి పది దాటింది. ఎమర్జెన్సీ రోజులు కదా, హైదరాబాదు ఆఫీసరు వేళకే ఉంటాడని పరుగెత్తాం. ఖర్మ! ఆయన ఇంకా రానేలేదు. వరండాలో కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది.

"గుణదల మేరీమాత కొండెక్కొద్దామా అబ్బాయ్?" అంది వదిన.

"మనం ప్రొటెస్టంట్లం వదినా."

"కొండకేం తెలుసు?"

మధ్యాహ్నం హోటల్లో భోజనం చేశాం. పప్పుచారులో పప్పు లేదు, చారూ లేదు. మూడింటికి పిలుపొచ్చింది.

ఆఫీసరు కూడా అలిసిపోయే ఉన్నాడు. కాగితం చూసి పక్కన పెట్టేశాడు. "నరాల జబ్బులంటే పక్షవాతం, మూర్ఛ. అది వేరే పద్దు. ఈ గ్రాంటు మానసిక రోగులకీ, తాగుడు మాన్పించడానికీ అండీ."

"మేమనేదీ అదేనండి," అన్నాను.

"మరి రాయలేదేం?"

"ఆ మాట మావైపు ఎవరూ పైకి అనరండి."

"అనకపోతే రోగులు లేరనేగా? ఒక్కరిని చూపించండి."

వదిన లేచి నిలబడింది.

"మా ఆయనండి. తాగుతారు. తాగకపోతే గోడతో మాట్లాడతారు. నరాలు కాదండి, పిచ్చేనండి."

"ఏం చేస్తారమ్మా ఆయన?"

నేను గట్టిగా దగ్గాను. ఆమె వినిపించుకోలేదు. "కాలవ లస్కరండి. ఏడాదిగా షట్టర్లు నేనే తిప్పుతున్నా."

సర్కారు ఆఫీసరు ముందు సర్కారు ఉద్యోగి గుట్టు విప్పేసింది!

ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఆ చివరి ముక్క నేను వినలేదమ్మా," అన్నాడు. 'నరాల' కొట్టేసి 'మానసిక' అని నాచేతే రాయించాడు. "ఈ ఏటికి రెండు మంచాలకే సిఫార్సు చేయగలను. బోర్డు మీద మాత్రం ఈ పేరే ఉండాలి."

సాయంత్రం బస్సులో సీటు దొరకడమే గొప్ప. ఆరు మంచాలకని వెళ్ళి రెండింటితో, అదీ ఎవరూ పలకని పేరుతో తిరిగొస్తున్నాం. ఒళ్ళంతా పులిసిపోయింది, ఆపైన కోపం.

"అదేం పని వదినా! ఆయన పైకి రాస్తే అన్నయ్య ఉద్యోగం పోదూ?"

ఆమె నావైపు తిరగలేదు. "ఉద్యోగం ఎలాగూ నేనే చేస్తున్నా అబ్బాయ్. పోతున్నది మనిషి."

కంకిపాడు దాటాక జేబులోంచి కాగితం తీసి, బోర్డు కోసం 'మానసిక' అని రాసుకున్నాను.