అప్ప ఒప్పుకున్న షరతు

మొన్న మంగళవారం పొద్దున్న బడికి బయల్దేరుతుంటే ఫోను వచ్చింది. మా మహిళా క్లబ్బు అధ్యక్షురాలు పోయిందని కబురు. వారం రోజులుగా జ్వరంతో మంచం మీదే ఉంది. విని, గడప మీదే కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. ఒళ్లంతా అలసటగా మాత్రం అనిపించింది.

ఊరందరికీ ఆవిడ అప్ప, అంటే పెద్దక్క. కోటబొమ్మాళి సంతకి చేపల గంప మోసుకెళ్లి అమ్ముకునే మనిషి. చదువు లేదు, పిల్లలూ లేరు. శనివారం మధ్యాహ్నాలు తుఫాను షెల్టరులో చాపలు పరిచి, పాతికమంది ఆడవాళ్లని పోగేసి క్లబ్బు నడిపింది. ఎవరి పిల్లయినా బడి మానేసిందంటే ఆ ఇంటి అరుగు మీద వెళ్లి కూర్చునేది. వాదించేది కాదు. "దాని పుస్తకాలేవి, ఓపాలి సూపించు" అనేది. పుస్తకాలు బయటికి తెచ్చాక తల్లి గొంతు కాస్త మెత్తబడేది.

కొన్నేళ్ల కిందటి దాకా మా ఊరి మలుపులో బస్సు ఆగేది కాదు. సంతకెళ్లే చేపల గంపలవాళ్లయినా, కాలేజీ పిల్లలయినా రెండు మైళ్లు నడిచి పెద్ద రోడ్డు మీద బస్సెక్కాలి. ఇద్దరు పిల్లలు చదువు మానేశారు. అర్జీలు నేను రాసేదాన్ని. "అంత మెత్తగా రాయకు టీచరమ్మా. మడతెట్టి పక్కన పడేస్తారు" అనేది అప్ప. ఏడాదిన్నర డిపో చుట్టూ తిరిగాం.

చివరికి అక్కడి మేనేజరు ఒక షరతు పెట్టాడు. "మలుపులో ఆపుతాం. కానీ ఇక మీదట బస్సులో చేపల గంపలు ఎక్కకూడదు. మిగతా వాళ్లు వాసనని గొడవ చేస్తున్నారు."

అప్ప అక్కడికక్కడే ఒప్పేసుకుంది. "సరే బాబూ. పిల్లలెక్కితే సాలు."

గంపలు మోసే వాళ్లందరినీ అడిగి చెబుదామని నేను అనాల్సింది. అనలేదు. ఆ తిరుగుడు ముగిస్తే చాలనిపించింది నాకు.

ఆ శనివారం క్లబ్బులో అప్పని ఆమె తోటికోడలు నిలదీసింది. ఆమెదీ చేపల గంపే. "ఎవల పిల్లలో సదువుకోడానికి మా నోటికాడ కూడు తీసీసినావేటి, అప్పా? ఓ మాట మమ్మల్ని అడిగినావా?"

"అడగలేదు. తప్పే. అడిగితే ఒద్దంటారని బయమేసినాది."

తోటికోడలు ఆ తర్వాత క్లబ్బుకి రాలేదు, అప్పతో మాట్లాడలేదు. మిగతావాళ్లు ఆటోల్లో సంతకి వెళ్లడం మొదలుపెట్టారు. అప్ప మాత్రం ఎక్కలేదు. "ఒప్పుకున్నది నానే కదా" అని గంపతో చుట్టుపక్కల ఊళ్లు నడిచి తిరిగింది. గంపల కోసం మళ్లీ అర్జీలు పెట్టాం. జవాబు లేదు. బస్సు మాత్రం ఆగుతోంది. మానేసిన ఇద్దరూ మళ్లీ చేరారు. ఒకమ్మాయి ఇప్పుడు నర్సు.

మంగళవారం నేను వెళ్లేసరికి ఆ తోటికోడలే అప్ప కాళ్లు కడుగుతోంది. తలెత్తకుండానే అంది: "ఈ కాళ్లు సూడండి టీచరమ్మా, ఎలాగ పగిలిపోనాయో. రోజూ సూసీదాన్ని. ఒక్కనాడూ పలకరించలేదు."

నేను పక్కన కూర్చుని చెంబుతో నీళ్లు పోశాను. ఆ రోజు డిపోలో నేనూ నోరు విప్పలేదు కదా.

పోయిన నెల మీటింగు గుర్తొస్తోంది. బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్లు రావడం లేదని మాట్లాడుకుంటుంటే, అప్పుడే ఊళ్లు తిరిగొచ్చిన అప్ప నా భుజం మీదికి ఒరిగి నిద్రపోయింది. ఎవరో లేపబోతే చేత్తో వారించాను. అందరూ గొంతులు తగ్గించారు. ఆ మధ్యాహ్నం మీటింగంతా గుసగుసల్లోనే సాగింది. నా భుజం తిమ్మిరెక్కింది. కదల్లేదు.