బెంచీ మీద కాఫీ

పోయిన ఎండాకాలం మా చెల్లెలి కూతురి పెళ్లికని రూపనగుడి నుంచి తొమ్మిదిమందిమి బళ్లారి వచ్చాం. స్నానాలకని మా అబ్బాయి బ్రూస్‌పేటలో చౌక లాడ్జి చూసి ఒక్క గది తీసుకున్నాడు. గదికి నలుగురే అని రూలు. అందుకని మేనేజరు తల తిప్పినప్పుడల్లా ఒక్కొక్కరే మేడెక్కారు.

"నువ్వు ఆఖర్న రామ్మా, నేనే పిలుస్తా. అంతదాకా మేమెవరో తెలీనట్టుండు" అన్నాడు అబ్బాయి.

చీర సంచి ఒళ్లో పెట్టుకుని కింద బెంచీ మీద కూర్చున్నాను. పైనుంచి మావాళ్ల నవ్వులు వినిపిస్తున్నాయి. పిలుపు మాత్రం రాలేదు.

"ఎవరికోసరం కూచోనుండావమ్మా?" అనడిగాడు మేనేజరు.

"నాకెవరూ లేరప్పా. ఎండకు తాళలేక కూచున్యా" అనేశాను.

ఆయన జాలిపడి కాఫీ తెప్పించాడు. అంతలో ఆరేళ్ల మనవరాలు నీళ్లకోసం దిగింది. వాళ్ల నాన్న నేర్పినట్టే, నన్ను ఎరగనట్టు పక్కనుంచే వెళ్లిపోయింది.

గంట తర్వాత అందరూ పట్టుబట్టల్లో దిగారు. నన్ను చూసి అబ్బాయి నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, నువ్వింకా ఈడే ఉండావా అమ్మా?"

మేనేజరు వాళ్లను చూశాడు, నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను.

"ఇంకో కాఫీ తాగిపోమ్మా" అన్నాడు.

అబద్ధం బయటపడిందన్న సిగ్గు ఎప్పుడో పోయింది. మావాళ్లందరినీ చూశాక కూడా, నాకెవరూ లేరన్న నా మాటే ఆయన నమ్మాడు. అదే ఇప్పటికీ మరపురావడం లేదు.