గోడ పక్క వేపపొగ

మా ఆయన బస్సు కండక్టరుగా పనిచేసిన మనిషి. మచిలీపట్నం నుంచి గుడివాడ దాకా ఆయన కబుర్లు వింటూ దిగాల్సిన చోట దిగడం మర్చిపోయినవాళ్లున్నారు. అలాంటి మనిషికి కిందటేడు ఊపిరితిత్తులకు నిమ్ము చేసింది. ఆసుపత్రి నుంచి ఇంటికైతే వచ్చారు గానీ, రెండు మాటలాడితే దగ్గు తెర. దాంతో మాట్లాడటమే తగ్గించేశారు. దుమ్మూ పొగా దగ్గరకు రానివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు.

మాది గిలకలదిండి వెళ్లే దారిలో చిన్న ఇల్లు. ఆయన కోసం వరండా చుట్టూ దోమల మెష్ కొట్టించి, ఫ్యాను పెట్టించి, పడక కుర్చీ వేశాను. సాయంత్రం సముద్రపు గాలికి అక్కడ కూర్చుంటే కాస్త ప్రాణం తెరిపిన పడుతుందని నా ఆశ. సరిగ్గా ఆ గాలి వేళకే పక్కింట్లో పొగ లేచేది.

పక్కింట్లో కొత్తగా అద్దెకు దిగింది చేపల వేటకు వెళ్లే కుటుంబం. అతను బోటు మీద వెళ్తాడు, భార్య రేవులో చేపలు కొని బజారులో అమ్ముతుంది. పొద్దు వాలేసరికి ఆ అమ్మాయి మా ప్రహరీ గోడ పక్కన ఎండాకులు, కొబ్బరి డొక్కలు కుప్పవేసి అంటించి, మంట లేవకుండా పైన పచ్చి వేపరొట్ట కప్పేది. ఇక చూడండి నా సామిరంగా, పొగంతా తిన్నగా మా వరండాలోకే. మెష్ దోమల్ని ఆపుతుంది గానీ పొగనాపుతుందా? ఆయన్ని లోపలికి తీసుకెళ్లి కిటికీలన్నీ దబదబా మూసేదాన్ని. ఆ ఉక్కలో ఆయన మంచం పట్టె పట్టుకుని ఊపిరి కోసం అల్లాడిపోతుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

నాకసలే నోరు ఊరుకోదు. వెళ్లి నాలుగు దులిపేసి వస్తానని రోజూ లేచేదాన్ని. ఆయన చెయ్యి పట్టుకుని ఆపేవారు. అదీ సైగతోనే, మాట్లాడితే దగ్గొస్తుందని. వాగుడుకాయలాంటి మనిషి సైగలు చేస్తుంటే చూడలేక వంటింట్లోకి వెళ్లి ఏడ్చిన సాయంత్రాలున్నాయి.

ఒక ఆదివారం దగ్గి దగ్గి ఆయన పెదాలు నల్లబడ్డాయి. ఇన్‌హేలర్ పీల్పించి, కాస్త నెమ్మదించాక, చెంగు బిగించి వాళ్ల గేటు తీశాను. ప్రభువా, నా నోరు నువ్వే కాచుకో అనుకుంటూనే వెళ్లాను.

లోపల అతను నేల మీద కూర్చుని, కాలి బొటనవేలికి వల తగిలించుకుని, చినిగిన చోటల్లా అల్లుతున్నాడు. తెల్లారి బోటు కదిలేలోగా వల సిద్ధం కావాలి. రెండు చేతులూ పనిలో ఉంటే దోమల్ని తోలుకునేదెట్లా? అందుకే ఆ పొగ. నేను నోరు తెరిచేలోపే ఆ అమ్మాయి నవ్వుముఖంతో ఎదురొచ్చింది.

"రండి పిన్నిగారూ. పొగ సరిపోతుందా అండీ మీకు? బాబాయిగారికి ఒంట్లో బాలేదు కదా, దోమలు పీక్కుతింటాయని కుప్ప మీ గోడ పక్కకే జరిపాను. మీరు కూడా పొగ పట్టించి కిటికీలు వేసేసుకుంటున్నారుగా."

నేను బిత్తరపోయాను. వాళ్ల పల్లెలో అంతేనట, ఇంట్లోకి పొగ పట్టించి కాసేపు తలుపులు మూసేస్తే దోమల బెడద ఉండదట. నేను కోపంతో కిటికీలు బాదుతుంటే, మాకు పొగ బాగా పనికొస్తోందని ఆమె మురిసిపోయింది. నేను గట్టిగా మూసినకొద్దీ ఆమె ఇంకాస్త రొట్ట వేసింది. కూడగట్టుకొచ్చిన తిట్లన్నీ మింగేశాను.

"అమ్మాయ్, ఆ పొగకి మీ బాబాయిగారికి ఊపిరాడటం లేదమ్మా," అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. గబగబా బిందె తెచ్చి కుప్ప మీద గుమ్మరించింది. పొగ తగ్గీ తగ్గకముందే దోమలు దిగాయి. అతను మెడ మీదా మోచేతుల మీదా చరుచుకుంటూ మళ్లీ వల అందుకున్నాడు. అతన్ని అలా దోమలకు వదిలేసి నా దారిన నేను వెళ్లిపోవడానికి మనసొప్పలేదు. వల పట్టుకుని మా వరండాలోకి వచ్చి కూర్చోమన్నాను. నీచు వాసనండీ అంటూ మొహమాటపడ్డాడు. పొగ కంటే నయమేలే అన్నాను. అనడమైతే అన్నాను గానీ, మొదట్లో ముక్కు బిగబట్టుకునే కాఫీ ఇచ్చేదాన్ని.

ఇప్పుడు వేట నుంచి వచ్చాక సాయంత్రాలు అతను మా వరండాలోనే. ఆ అమ్మాయి ఎండాకులు గోతిలో వేసి మట్టి కప్పుతోంది, దాని మీద ఆనపపాదు కూడా పెట్టింది. మా ఆయన మొదట పడక కుర్చీలోంచి ఊరికే చూసేవారు. తర్వాత వల కొస పట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ తర్వాత కబుర్లు, ముక్కలు ముక్కలుగా, ఆగి ఆగి. ఆయన ఆగినా అతను తొందరపెట్టడు, అల్లుకుంటూ కూర్చుంటాడు.

మొన్న నేను వంటింట్లో పులుసు కలుపుతున్నాను. కోడిపుంజును సంచిలో దాచుకుని బస్సెక్కిన ఒక పెద్దాయన సంగతి వరండాలో నడుస్తోంది. టికెట్టు అడిగేసరికి పుంజు సంచిలోంచే కూసిందట. అతను పగలబడి నవ్వాడు. ఆ వెంటనే మా ఆయన నవ్వు, వీధి దాకా వినిపించేలా. అయిపోయింది, ఇక దగ్గు తెర కమ్ముకుంటుందని నేను పొయ్యి ఆర్పేసి ఇన్‌హేలర్ కోసం పరుగెత్తాను. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాను.

"ఆగవయ్యా, అసలు సంగతి ఇంకా చెప్పనే లేదు," అంటున్నారు మా ఆయన.