నుదుటికి రాసుకునే వేలు

బీకాంలో నా పక్కన కూర్చునే అమ్మాయి రోజూ కాలేజీ గేటు దగ్గర చివరి ఏడాది కొత్తగా పెట్టిన వేలిముద్ర హాజరు మిషన్ ముందు ఆగి, బొటనవేలిని నుదుటికి రాసుకునేది. కాస్త జిడ్డు అంటితే ముద్ర పడుతుందని ఆశ. చిన్నప్పటి నుంచి ఇంట్లో వేడి లక్కతో గాజులు చేసి ఆమె వేళ్లు నున్నగా అరిగిపోయాయి. మిషన్‌లో ఎర్ర దీపమే వెలిగేది. "నేనెవరో దీనికింకా ఎర్కలేదే" అని నవ్వి, అకౌంట్స్ క్లాసుకు నాకంటే ముందు పరుగెత్తేది.

ఆ ఏడాది పరీక్షలకు హాజరు చాలలేదని ఆమెకు హాల్‌టికెట్ ఇవ్వలేదు.

"రోజూ నా పక్కనే కూసుంటది సార్" అన్నాను ఆఫీసులో.

"మిషన్‌ల పడలేదు గదమ్మా, నేనేం జేయాలె" అన్నాడు గుమస్తా. మిషన్ అబద్ధం చెప్పదని ఆయన నమ్మకం.

తర్వాత నా పెళ్లి గాజుల కోసం చార్మినార్ దగ్గరికి వెళ్తే, ఒక దుకాణంలో ఆమే కూర్చుని ఉంది. నా చెయ్యి పట్టుకుని, వేళ్లు దగ్గరికి నొక్కి, కొలత అడగకుండానే సరిపోయే జత తొడిగింది.

"పరీక్ష మళ్ల రాస్తవా?" అన్నాను.

ఆమె ఇంకో జత తీయబోతూ, అలవాటుగా బొటనవేలిని నుదుటికి రాసుకుంది. ఒక్క క్షణం ఆ వేలిని చూసుకుని, చున్నీకి తుడిచేసుకుంది.