బెత్తెడు ఎత్తు

కారు స్ప్రింగును నొక్కిపట్టడానికి రెండు పక్కలా కొక్కేలు తగిలించి, మేస్త్రి పొడవాటి బోల్టులను మార్చి మార్చి బిగిస్తున్నాడు. కుడివైపు కొంచెం, ఎడమవైపు కొంచెం. ఒక పక్కే తొందరపడితే స్ప్రింగు వంకర తిరిగి కొక్కెం జారుతుంది. జారితే ఏమవుతుందో అతని నోరు చూస్తే తెలుస్తుంది. ముందు పళ్ళు రెండు లేవు. ఎలా పోయాయని ఎవరైనా అడిగితే "బండి తినేసింది" అంటాడు. మాట్లాడేటప్పుడు ఆ సందులోంచి గాలి ఈల వేస్తుంది. అందుకని మా వరసలోని షెడ్లవాళ్ళు చాటుగా ఈల మేస్త్రి అంటారు. ఎదురుగా మాత్రం మేస్త్రే.

నాది పక్క షెడ్డు, చక్రాల అలైన్‌మెంటు పని. స్ప్రింగు మారితే చక్రం నిలబడే తీరు మారుతుంది కాబట్టి అతను విప్పి బిగించిన ప్రతి బండీ చివరికి నా దగ్గరికే వస్తుంది. ఆ చేతి కింద పనిలో వంక పెట్టడానికి నాకు ఎప్పుడూ ఏమీ దొరకలేదు. చిన్నప్పుడు లారీ స్ప్రింగుల ఇనుప పట్టీలు కాల్చి వంచే కొలిమిలో చేరాడు. చుట్ల స్ప్రింగుల సంగతి ఎవరూ నేర్పలేదు. పాత ఇనుము దుకాణంలో విరిగినవి ఏరుకొచ్చి, ఎక్కడ విరిగిందో, ఎందుకు విరిగిందో చూసి నేర్చుకున్నాడు.

ఆ రోజు బల్ల మీద ఉన్న స్ప్రింగు అతని బావ కారుది. ఆయన అతనొక్కడికే బావ అయినా మా షెడ్లన్నిటికీ బావే. చాలా ఏళ్ళు ఆ కారునే టాక్సీగా తిప్పాడు. కాస్త ఎత్తుగా, పెద్ద కుటుంబం పట్టేలా ఉంటుంది.

"ఎందుకోయ్ ఇంత తంటా?" అన్నాడు బావ స్టూలు మీద కూర్చుని. "కట్టరు పెట్టి రెండు చుట్లు కోసి పారేయ్. బండి దానంతటదే కిందికి దిగుతుంది."

"దిగుతుంది. లోపల కూర్చున్నవాళ్ళని మాత్రం ఎగరేస్తుంది."

"అదేం లెక్క?"

మేస్త్రి చెయ్యి ఆపలేదు. "నీ చేతికి పొడుగు కర్ర ఇస్తే వంచుతావు. అందులో సగం విరిచిచ్చి వంచమంటే?"

"నా వల్ల కాదు."

"స్ప్రింగూ అంతే బావా. అది చుట్టిపెట్టిన కడ్డీ. చుట్లు తగ్గేకొద్దీ గట్టిపడుతుంది."

బావ స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. "అయితే మీ అక్క లాగే. మనిషి తగ్గేకొద్దీ గట్టిపడుతోంది."

ఇద్దరూ నవ్వారు. ముందు నవ్వు ఆపింది బావే.

ఆ షెడ్డు అసలు అక్కదే. కార్ల సీట్లకు కవర్లు కుట్టేది. మందపాటి రెగ్జిన్ మీద నడిచే ఆమె మిషను చప్పుడు మా వరసంతా వినిపించేది. కొలిమి మూతపడి తమ్ముడు రోడ్డున పడ్డప్పుడు, షెడ్డు మధ్యలో సుద్దముక్కతో గీత గీసింది. "ఇటు నాది, అటు నీది. నీ జిడ్డు చెయ్యి నా బట్ట మీద పడిందంటే వీపు చీరేస్తా" అంది. ఆ గీత ఎప్పుడో చెరిగిపోయింది గానీ, మేస్త్రి ఇప్పటికీ చెయ్యి తుడుచుకోకుండా అటు అడుగు పెట్టడు. మిషను మీద ఇప్పుడు గుడ్డ కప్పి ఉంది.

ఆమె వెన్నులో ఎముకలు గుల్లబారుతున్నాయి. ముందు నడుం నొప్పి అన్నారు, తర్వాత పేరు తెలియని జబ్బన్నారు, తర్వాత పేరు చెప్పారు. కాళ్ళు పనిచేయడం మానేశాయి. చక్రాల కుర్చీ వచ్చింది. వారం వారం ఊరి అవతలి కొసన ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళాలి. బావకు కడుపు ఆపరేషను అయింది, బరువు ఎత్తకూడదు. అందుకని ఆసుపత్రి వార్డు మనుషులు ఇద్దరు వచ్చి, ఒకడు చంకల కింద, ఒకడు మోకాళ్ళ కింద చేతులు వేసి కార్లోకి ఎక్కించేవారు. ఒకసారి అలా ఎత్తేటప్పుడు, ఆసుపత్రి గుమ్మంలో అంతమంది ముందు, ఆమె ఒంటి మీది బట్ట తప్పింది. ఇంటికొచ్చాక చెప్పింది.

"నన్నింకెవరూ మూటలా ఎత్తడానికి వీల్లేదు. నా అంతట నేను ఎక్కగలిగితే వస్తా. లేకపోతే ఆ ఆసుపత్రీ వద్దు, ఆ మందూ వద్దు."

బెదిరింపు అనుకున్నారు. మరుసటి వారం నిజంగానే వెళ్ళలేదు.

ఆమె చేతుల్లో బలం ఇంకా ఉంది. రెగ్జిన్ లాగి లాగి పెరిగిన చేతులు. కుర్చీకీ కారు సీటుకీ మధ్య నున్నటి చెక్క వేస్తే, చేతుల ఊతంతో దాని మీద జరిగి వెళ్ళగలదు. అయితే కారు సీటు కుర్చీ కంటే బెత్తెడు ఎత్తు. చదునుగా ఉంటే జరగవచ్చు, ఎగువకు జరగడం ఆ నడుముతో కాదు. ఆ నాలుగు వేళ్ళ ఎత్తునూ ఆమే పంచింది.

"ఒక వేలు సీటు ఫోములో నేను కోసుకుంటా. ఒక వేలు నా కుర్చీలో మెత్త వేస్తే లేస్తుంది. మిగతా రెండు వేళ్ళూ నువ్వు దించరా."

"దించుతానక్కా," అన్నాడు మేస్త్రి.

అన్నాడే గానీ, ఆ సాయంత్రం దిగులుగా నా దగ్గరికొచ్చాడు. "బండి దింపడం ఏముంది, ఎవడైనా దింపుతాడు," అన్నాడు. "దింపాక స్ప్రింగు కిందికి పోవడానికి చోటు తగ్గుతుంది. గుంత వచ్చినప్పుడు మెత్తటి స్ప్రింగు ఆ కాస్త చోటూ అయిపోయి చివర ఆపడానికి పెట్టిన రబ్బరుకు కొట్టుకుంటుంది. కొట్టుకోకూడదంటే గట్టి స్ప్రింగు వెయ్యాలి. గట్టిదేస్తే రోడ్డు మీద ఉన్న ప్రతి రాయీ దాని వెన్నుకు చేరుతుంది."

"మధ్యస్థంగా ఏదీ ఉండదా?"

"ఉంటుంది. దాంట్లో రెండు బాధలూ సగం సగం ఉంటాయి."

బండ్లు దింపించుకోవడానికి అతని దగ్గరికి చాలామంది వస్తారు. షోకు కోసం వచ్చేవాళ్ళు బండి ఎంత కిందికి దిగుతుందని తప్ప ఇంకేమీ అడగరు. అతను మాత్రం ఒకటే అడుగుతాడు: ఇందులో ఎవరు కూర్చుంటారు? పిల్లలున్నారని తెలిస్తే ఇంత కంటే దింపనని మొహం మీదే చెప్పేస్తాడు. ఈసారి అడగాల్సిన పని లేకపోయింది.

డబ్బాల మీద రాసిన అంకెలు అతను నమ్మడు. ఇనుప చట్రంలో కింద తూకం కాటా, దాని మీద స్ప్రింగు, పైనుంచి నొక్కడానికి జాకీ పెట్టి తనే ఒక సాధనం చేసుకున్నాడు. ఒక సెంటీమీటరు నొక్కితే కాటా ఎన్ని కిలోలు చూపిస్తే అదే ఆ స్ప్రింగు గట్టిదనం. కారుతో వచ్చిన పాతది ఇరవై అయిదు చూపించింది. దుకాణాల నుంచి తెప్పించిన పొట్టి స్ప్రింగుల్లో అన్నిటికంటే మెత్తనిది ఇరవై ఎనిమిది. దాని తర్వాతది ముప్ఫై ఆరు. మధ్యలో ఏదైనా ఉందేమోనని అడగని దుకాణం లేదు. ఉన్నా, దాని కొలతలు ఈ బండికి కూర్చోవు.

ముందు మెత్తనిది వేశాడు. షాక్ అబ్సార్బర్లు కూడా మార్చాడు. తర్వాత చెయ్యి శుభ్రంగా కడుక్కుని అటువైపు వెళ్ళి, అక్క మిషను సొరుగులోంచి ఎర్రటి మందపు దారం తీశాడు. షాక్ అబ్సార్బరు కడ్డీకి ఆ దారం బిగుతుగా చుట్టి ముడి వేశాడు. బండి ఊగినప్పుడు దారం కడ్డీ మీద జరుగుతుంది, జరిగినచోటే ఆగిపోతుంది. స్ప్రింగు ఎంత లోతుకు వెళ్ళిందో తర్వాత అదే చెబుతుంది.

ఆసుపత్రికి వెళ్ళే రోజు ఉదయం, వాళ్ళ ఇంటి ముందు మేమంతా నిలబడి ఉండగా, అక్క తనంతట తాను కారెక్కింది. చెక్క మీద ఒక అరచెయ్యి, సీటు మీద ఒక అరచెయ్యి. ఆగుతూ, జరుగుతూ. బావ సాయానికి చెయ్యి చాపాడు.

"చేతులు వెనక్కి కట్టుకో. నేను చూస్తుండగానే," అంది.

ఆయన బళ్ళో తప్పుచేసిన పిల్లాడిలా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆమె సీట్లో సర్దుకుని, కాళ్ళు ఒక్కొక్కటే చేతులతో ఎత్తి లోపల పెట్టుకుని, అద్దం కిందికి దించి మా అందరినీ చూసింది. "ఏం, ఎవరికీ పనుల్లేవా?"

ఆసుపత్రి నుంచి తిరిగి రాగానే మేస్త్రి కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"ఎలా ఉందక్కా?"

"పూలపాన్పురా. దారంతా నిద్రపోయాను."

అతను టార్చి తీసుకుని చక్రం వెనక్కి వంగి చూశాడు. ఎర్ర దారం పైకంటా పోయి రబ్బరు కింద నలిగి ఉంది. రెండో వైపూ అంతే. లేచి వచ్చి, అక్కను ఇంట్లో దించేదాకా ఆగి, బావను పక్కకు పిలిచాడు.

"ఎన్నిసార్లు కొట్టింది బావా?"

"నేను నిండుకుండ మోసినట్టే నడిపానోయ్. ఇంకా మెల్లగా పోతే వెనకున్నవాళ్ళు దిగి తోస్తారు."

"ఎన్నిసార్లు?"

బావ తల దించుకున్నాడు. "లెక్క పెట్టలేదు. పైట కొంగు నోట్లో కుక్కుకుంది."

ముప్ఫై ఆరుది వేశాడు. వేశాక అక్క సీట్లో తనే కూర్చుని, బావను తోలమని ఆసుపత్రి దాకా వెళ్ళి వచ్చాడు. నడుం పట్టుకుని దిగాడు. దారం సగంలోనే ఆగి ఉంది. ఎక్కడా కొట్టుకోలేదు. ఆ స్ప్రింగు చేయాల్సింది తప్పు లేకుండా చేసింది.

అక్కకు దాపరికం లేకుండా చెప్పాడు. "మెత్తవి ఉంచితే అప్పుడప్పుడూ పెద్ద దెబ్బ. గట్టివి ఉంచితే దారి పొడుగునా చిన్న దెబ్బలు. రెండూ లేనిది నా దగ్గర లేదక్కా. ఎక్కడా లేదు."

"పెద్దది ఎప్పుడొస్తుందో తెలీదు. దాని కోసం ఊపిరి బిగబట్టుకుని కూర్చోలేను," అంది. "చిన్నవే ఉంచు."

"సీటులో ఒక వేలు ఫోము వేస్తే కొంచెం..."

"ఒక వేలు వేస్తే ఒక వేలు లేస్తుంది. నువ్వు దించిందాన్ని నేను లేపుకోనా? ఇన్నేళ్ళు నా పక్కన ఉండి సీటు పని ఏం నేర్చుకున్నావురా?"

అలా కొన్ని వారాలు వెళ్ళింది. ప్రతిసారీ తనే ఎక్కింది, తనే దిగింది. వెళ్ళొచ్చిన రోజు రాత్రంతా పడుకోలేకపోతోందని బావ చెప్పేవాడు. ఆమె ముందు ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మేస్త్రి మాత్రం ఖాళీ దొరికితే కాటా ముందు కూర్చుని ఏవో పాత స్ప్రింగులు నొక్కి చూస్తూ ఉండేవాడు. దొరకదని తెలిసిన దాన్ని వెతికే మనిషి చెయ్యి ఎంత జాగ్రత్తగా పనిచేస్తుందో అప్పుడు చూశాను.

ఒక మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి వస్తూ, ముందు చక్రం ఒక పక్కకు లాగుతోందని బావ కారును నా షెడ్డులోకి తెచ్చాడు. నేను చూసేదాకా అక్క కుర్చీలో కూర్చుంటానంది. సరిచేశాక, చెక్క వేసుకుని మళ్ళీ కారెక్కబోయింది. సగం దూరం జరిగాక ఆమె కుడి మోచెయ్యి ఒక్కసారిగా మడతపడింది. పడిపోలేదు. చెక్క మీద ఒరిగి, సీటు అంచు పట్టుకుని ఆగింది. మళ్ళీ చెయ్యి మోపింది. మళ్ళీ మడతపడింది. బావ, మేస్త్రి, నేను, ముగ్గురిలో ఎవరూ కదల్లేదు. కదలవద్దని ఇన్నాళ్ళూ చెప్పింది ఆమే.

మా వైపు చూడకుండానే అంది. "చూస్తారేం? పట్టుకోండి."

నేనూ మేస్త్రీ పట్టుకున్నాం. అతను ముందు చేతులు తుడుచుకోబోతే, "ఇప్పుడేం శుభ్రంలేరా, రా," అంది. ఆమెలో బరువనేదే లేదు. సీట్లో కూర్చోబెట్టాక కొంగు సర్దుకుని, ముందు అద్దంలోకి చూస్తూ చెప్పింది.

"పాత స్ప్రింగులు ఉన్నాయా, అమ్మేశావా?"

"ఉన్నాయక్కా."

"అవే వేసెయ్. ఇంక వెనక సీట్లో పడుకునే పోవాలి. ఎక్కించేవాళ్ళు ఎలాగూ ఉంటారు. మెత్తగా ఉంటే చాలు."

మేస్త్రి ఏదో అనబోయాడు. నోటి సందులోంచి ఈల తప్ప ఏమీ రాలేదు.

మర్నాడు అటక మీంచి పాత స్ప్రింగులు దించాడు. తుప్పు గీకి, రంగు వేసి, కింద కూర్చునే రబ్బర్లు కొత్తవి పెట్టాడు. కొక్కేలు తగిలించి, కుడివైపు కొంచెం, ఎడమవైపు కొంచెం, ఎప్పటిలాగే. వెనక సీటు విప్పి తెచ్చి మిషను పక్కన పెట్టుకుని, అక్క ఇంటి నుంచి ఫోనులో తిడుతూ చెబుతుంటే, ఫోము మీద ఫోము వేసి కవరు తనే కుట్టాడు. ఈసారి ఎన్ని వేళ్ళు లేచినా అడ్డు లేదు. కుట్లు వంకరగా వచ్చాయి. విప్పి మళ్ళీ కుట్టాడు.

నా దగ్గర చక్రాలు సరిచేయించుకున్నాక కారు మునుపటిలాగే ఎత్తుగా నిలబడింది. బావ దాని చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్టు మీద చేత్తో నొక్కి చూశాడు. మెత్తగా దిగి, మెత్తగా లేచింది.

"దారం కట్టావా?" అని అడిగాడు.

"లేదు బావా," అని మేస్త్రి తాళం ఆయన చేతిలో పెట్టాడు.