చుక్కలు లేని ఇంటిపేరు

మా కల్లూరులో నిజాం కాలం నాటి ఉర్దూ కాగితాలు చదివేవాళ్లు ఒకప్పుడు వీధికి ఇద్దరుండేవారు. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. ఉర్దూ టీచరుగా రిటైరయ్యాక పొద్దెలా పోతుందో అనుకున్నాను గానీ, వారానికొకరైనా తాతల నాటి కాగితం ప్లాస్టిక్ సంచిలో పెట్టుకొని మా అరుగెక్కుతారు. ఎవరి తాతకు ఎంతమంది కొడుకులో, ఎవరి ముత్తాత ఏ ఊరి నుంచి వచ్చాడో వాళ్లకంటే ముందు నాకు తెలుస్తుంది. కళ్లజోడు తుడుచుకొని, కాగితాన్ని వెలుతురుకు పట్టి, కాస్త ఆలస్యంగా నోరు విప్పుతాను. కావాలనే.

పోయిన వేసవిలో వచ్చిన కాగితం మాత్రం నా గొప్పను కొంచెం దించింది.

తెచ్చింది మా ఊరి రైతు, వెంట ఆయన కూతురు. ఆ అమ్మాయి కొత్తగూడెంలో ఒక బడిలో లెక్కలు చెబుతుంది. అదే బడిలో సైన్సు చెప్పే దుమ్ముగూడెం అబ్బాయీ, తనూ పెళ్లి చేసుకుంటామన్నారు. కులం కలిసింది, పెద్దల మనసులూ కలిశాయి. చివరికి ఇంటిపేరు కూడా కలిసింది, అదే కొంప ముంచింది. ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్ల వరస. రెండువైపులా పెద్దలు చేతులెత్తేశారు.

ఆ ఇంటిపేరు ఇక్కడ రాయను, మొదటి అక్షరం చాలు. అది ‘న’.

గోదావరి అవతల నిజాం పాలన లేదు కాబట్టి అబ్బాయి వాళ్ల పాత కాగితాలు మొదటి నుంచీ తెలుగులోనే ఉన్నాయి. అక్కడ ‘న’లో అనుమానమే లేదు. ఇవతల అమ్మాయి వాళ్ల వారసత్వ కాగితం మాత్రం ఉర్దూది.

“ఉర్దూ నుంచి తెలుగులకు మార్చినప్పుడు మా పేరు తప్పు రాసిండ్రేమో టీచరమ్మా. జర చూడుండ్రి,” అంది అమ్మాయి. ఆ ఆలోచన ఆమెదే. రైతు మొహంలో పెద్ద ఆశేమీ లేదు. ఆమె మాత్రం చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ నా నోటివంకే చూసింది.

ఉర్దూలో కొన్ని అక్షరాలకు ఒళ్లు ఒకటే, చుక్కలే తేడా. చిన్న గీత మీద ఒక చుక్క పెడితే ‘న’, అదే గీత కింద మూడు పెడితే ‘ప’. అసలు పెట్టకపోతే ఏదైనా కావచ్చు. పాత మున్షీలు జల్దీ రాతలో చుక్కలు ఎగ్గొట్టేవాళ్లు. ఈ మున్షీగారికైతే చుక్కలంటే పగే ఉన్నట్టుంది. ఇంటిపేరు ఐదుసార్లు రాశాడు, ఐదుసార్లూ బోడి గీతే.

‘ప’ అని ఒక్క మాట అంటే ఆ పిల్ల పెళ్లి అయిపోతుంది. తప్పని చెప్పగలిగేవాళ్లు ఊళ్లో లేరు. మనసు అటే లాగింది, ఒప్పుకుంటాను. కానీ లేనిది చదవడానికి నోరు రాలేదు.

“‘న’ కావచ్చు, ‘ప’ కావచ్చు. కాగితం చెప్పట్లేదమ్మా,” అన్నాను. అమ్మాయి కళ్లు నిండిపోయాయి. ఆ మున్షీని సమాధిలోంచి లేపి చెవి మెలిపెట్టాలన్నంత కోపం వచ్చింది నాకు.

మనసాగక మర్నాడు పొద్దున్నే నేనే వాళ్లింటికి వెళ్లాను, ఇంకో పాత కాగితం దొరుకుతుందేమోనని. రైతు బీరువాలోని కాగితాలన్నీ తెచ్చి మంచం మీద పోశాడు. పాసు పుస్తకాలు, బడి సర్టిఫికెట్లు, కరెంటు బిల్లులు, అన్నిట్లో ‘న’నే. విసుగొచ్చి పెరట్లోకి నడిచాను. అక్కడ రైతు తల్లి గేదెకు కుడితి పెడుతోంది. ఊరికే పలకరించినట్టు అడిగాను.

“పెద్దమ్మా, నువ్వు కాపురానికొచ్చినప్పుడు ఈ ఇంటిపేరు ఏందో యాదుందా?”

“ఎందుకు లేదు?” అని ఆమె ఠక్కున చెప్పేసింది. ‘ప’తోనే చెప్పింది. “ఊళ్లె ఇంటిపేరుతోని ఎవరు పిలిచిండ్రు? వాగొడ్డోళ్లు అనేటోళ్లు. మా ఆయన బడికి పోలే. పట్వారి ఏది రాస్తే గదే అయ్యింది.”

నా వెనకాలే కూతురితో వచ్చిన రైతు తల పట్టుకున్నాడు. “నోటిమాట దుమ్ముగూడెమోళ్లు నమ్ముతరానే? పెళ్లి కోసం అల్లినమంటరు.”

“నమ్మకుంటే గీ గంగాళం చూపియ్యి,” అంది ఆమె, గేదె ముందున్న ఇత్తడి పాత్రను కాలితో తట్టి. “నా పెండ్లికి మా మామ ఖమ్మంల కొన్నడు. ఇంటిపేరు కొట్టించిండు.”

మా వైపు పెళ్లిళ్లలో కొత్త పాత్ర కొంటే పేరు కొట్టించకుండా ఎవరూ ఇంటికి తేరు. కొట్టేవాడు చిన్న ఉలితో చుక్క పక్కన చుక్క పెడుతూ అక్షరం తేలుస్తాడు. గంగాళమైతే ఉంది గానీ, గేదె మూతి పైకెత్తదే! అదిలిస్తే ఇంకాస్త లోపలికి దూర్చింది. అది తీరిగ్గా తాగేదాకా నలుగురం నిలబడ్డాం.

అమ్మాయి చింతపండు, బూడిద పట్టుకొని మట్టిలోనే కూర్చుంది. ఎన్నేళ్ల నలుపో, మోచేతుల దాకా మసైంది. అంచు కింద ముందు నాలుగు చుక్కలు మెరిశాయి, తర్వాత ఒక వంపు తేలింది. పొరపాటుకు తావులేని తెలుగు ‘ప’. అమ్మాయి దాని మీద వేలు పెట్టి రాస్తూ ఏడ్చింది, అంతలోనే నవ్వింది. అంత సంతోషం నా కాగితాల్లో ఎప్పుడూ దొరకలేదు.

ఆ వారమే దుమ్ముగూడెం పెద్దలు వచ్చారు. గంగాళాన్ని కొత్త కోడలిని చూసినట్టు తిప్పి తిప్పి చూశారు. ‘ప’ అక్షరాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నారు. తాంబూలాలు పుచ్చుకొని, టీ తాగి, ముహూర్తం పెట్టుకొని వెళ్లారు.

వాళ్ల కారు కదిలాక రైతు వెళ్లి తన తల్లి దగ్గర కూర్చున్నాడు.

“నెల రోజులసంది ఇంట్ల గిదే లొల్లి. ఒక్క మాట చెప్పకపోతివేందమ్మా?”

“పెండ్లి ఆగిందన్నరు. ఎందుకాగిందో నాకెవరు చెప్పిండ్రు బిడ్డా?” అంది ఆమె, కోపమేమీ లేకుండా. “కాగితాలు తీసినప్పుడల్లా, నీకు సమజ్ కాదు, పోయి గొడ్లను చూడుమంటిరి. చూస్తున్న.”

రైతు తల వంచుకున్నాడు. ఇన్నేళ్లలో నా అరుగెక్కినవాళ్లలో ఒక్కరినైనా, మీ ఇంట్లో ముసలమ్మ ఉందా అని నేను అడగలేదు.